ఏడో వరస ఆసరా పత్రాలు

మంచుకాలం, 11వ రోజు

ఈ ఉదయం ఏడో వరసలో నలభై మూడు కుండల నీళ్ళు పడ్డాయి. మంచు పట్టే పద్దెనిమిది వలలూ దించి, సున్నపు నీళ్ళలో ముంచి, మళ్ళీ స్తంభాలకు కట్టాం. నాలుగో వల అంచున నల్లటి బూజు కనిపించింది. గోటితో గీకితే పొడిలా లేచింది. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఆ వలను రెండుసార్లు కడిగాను.

వరస పుస్తకంలో నేను రాయాల్సింది ఇంతే. కుండలెన్ని, వలలెన్ని, జబ్బెవరికి. మిగిలింది రాయమని ఎవరూ అడగలేదు. నేను ఐదో తరగతి దాకా చదివాను. అక్షరం గుండ్రంగా ఉంటుందని, పెళ్ళయి ఈ వరసకు వచ్చిన నెలకే పుస్తకం నా చేతికిచ్చారు. నలుగురిలో నోరు విప్పలేను. మాట గొంతులోనే ఆగిపోతుంది. పుస్తకం ముందు అలా ఆగదు. అందుకని కుండల లెక్క కింద మిగిలిన జాగాలో రాసుకుంటాను.

మా ఆయన అసిరయ్యకు పుట్టుకతోనే కాళ్ళు నిలవవు. చేతులు వణుకుతాయి. మాట నాలుక మీద దొర్లి దొర్లి వస్తుంది. కొత్తవాళ్ళకు అర్థం కాదు. నాకు మూడు వారాలు పట్టింది. తెల్లవారగానే గోడకు బిగించిన మరచెయ్యి ఆయన్ని మంచం మీంచి ఎత్తి, గుమ్మంలో చక్రాల పీట మీద కూర్చోబెడుతుంది. మంచు ఏ పక్కనుంచి ఎక్కుతోందో చూసి, ఏ వల ఎంత బిగించాలో ఆయన చెబుతారు. నేను తాళ్ళు లాగుతాను.

"మూడోది వొదులు సెయ్యి, దాలీ. అత్తారింట్లో కోడల్లాగ బిగుసుకుపోయుంది," అన్నారు ఇవాళ.

"ఏ కోడలు మావా?"

"నానెవులి పేరూ సెప్పనేదు."

మా అత్త పొయ్యి దగ్గరనుంచి నవ్వడం వినిపించింది.

మంచుకాలం, 14వ రోజు

ముప్ఫై తొమ్మిది కుండలు. రెండో వరసలో నలుగురికి జ్వరం, ఆరో వరసలో ఒకరికి. దగ్గుతో మొదలై, మూడో రోజుకు గుక్క తిరగడం లేదట. వలల మీది బూజు వల్లే అని తేల్చారు. వలజ్వరం అంటున్నారు. వలలు దించేస్తే జ్వరం ఆగుతుంది. దించేస్తే తాగడానికి నీళ్ళుండవు. కింద ఊళ్ళు మునిగాక పుట్టినదాన్ని నేను. నాకు తెలిసి నీళ్ళంటే మంచే.

డాక్టరమ్మ వింధ్యావళిగారు ఇంటింటికీ వచ్చి, వేలికి క్లిప్పు పెట్టి ఊపిరి అంకె చూశారు. తొంభై అయిదు దాటి ఉంటే భయం లేదు. తొంభైకి దిగితే కనిపెట్టి చూడాలి. మా ఏడు వరసలూ ఉన్న ఈ మెట్ట మొత్తానికి ఊపిరిపెట్టెలు ఆరే ఉన్నాయి. మనిషి గుక్క తిప్పుకోలేనప్పుడు అవి తిప్పుతాయి. ఆరూ నిండాక వచ్చినవాళ్ళు వంతు కోసం ఆగాలి. ఎవరి వంతు ముందో, ఎవరిది వెనకో ఆరోగ్య హాలు గోడ మీద ఉన్న పలక చెబుతుంది. అది మనుషులు రాసే పలక కాదు. తనే లెక్క కట్టి తనే చూపిస్తుంది.

మా పక్కింటి ముత్యాలు పిన్నికి ఈ పద్ధతి నచ్చింది.

"పలకే మేలు. మనిషైతే మొకం సూస్తాడు, సుట్టరికం సూస్తాడు. పలకకి మొగమాటం నేదు," అంది.

మా ఆయన గుమ్మంలోంచి ఏదో అన్నారు. పిన్ని నా వైపు చూసింది.

"మొగమాటం నేకపోడం మంచిదో కాదో సూడాల అంటన్నారు," అని చెప్పాను.

పిన్ని కూతురు కొండికి ఇరవై రెండేళ్ళు. ఏడేళ్ళ పిల్లలాగే ఉంటుంది. రోజూ ఏడు వరసలూ తిరిగి ప్రతి ఇంటి ముందూ ఆగి, ఏం కూర అని అడుగుతుంది. డాక్టరమ్మనూ అడిగింది.

"ఇంకా వండలేదమ్మా," అన్నారావిడ.

"అయితే మాయింటికి రా," అంది కొండి.

సాయంత్రం వరస చివరింటి బంగారయ్య తాతను హాలుకు మోసుకెళ్ళారు. తాతకు కళ్ళు కనిపించవు. తాళ్ళు పేనుకుంటూ ఒక్కడే ఉంటాడు. క్లిప్పులో ఎనభై ఆరు చూపించింది. పెట్టెలు నిండలేదు, రెండు ఖాళీగా ఉన్నాయన్నారు. అందుకని నాకు అంత భయం వేయలేదు.

మంచుకాలం, 17వ రోజు

బంగారయ్య తాత పోయాడు.

కర్మ ఎవరు చేస్తారని పెద్దవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. నా పని వేరు. పుస్తకంలో కారణం రాయాలి. అందుకని హాలు కిటికీ దగ్గరకు వెళ్ళాను. లోపలి గుమాస్తా తాత పేరు నొక్కి, పలక లెక్క కనిపించే అద్దం నా వైపు తిప్పాడు.

అందులో ఇలా ఉంది. "బంగారయ్య, ఏడో వరస. ఊపిరి అంకె 86, తరువాత 79. వంతు 12. పెట్టె ఇవ్వలేదు. వంతు వెనక్కి వెళ్ళడానికి కారణం: తన పనులు తాను చేసుకోలేరు. ఎవరో ఒకరు లేనిదే రోజు గడవదు."

నేను రెండోసారి చదివాను. ఆ మాట నాది.

"రెండు పెట్టెలు కాళీగా ఉన్నాయన్నారు కదా," అన్నాను. గుమాస్తాకు వినబడలేదు. మళ్ళీ అన్నాను.

"అవి వెనకాల వచ్చేవాళ్ళ కోసం ఆపమంది పలక. కోలుకుని పనిలోకి వెళ్ళేవాళ్ళు ముందు," అన్నాడు. అతని మాటలో కోపం లేదు.

పోయిన ఎండాకాలం ఆసరా పత్రాలు వచ్చాయి. ఒంట్లో లోపం ఉన్నవాళ్ళ ఇంటికి ఏం సాయం కావాలో రాసి ఇమ్మన్నారు. మరచెయ్యి కావచ్చు, గుమ్మానికి వాలు బాట కావచ్చు, తోడు మనిషి కావచ్చు. మొదట మా ఇంటి పత్రం రాశాను. మా అత్త పక్కన కూర్చుని చెప్పింది.

"ఏటీ సేతకాదని రాయి. వోడికి వొచ్చిందంతా రాసీసినావంటే దిష్టి తగుల్తాది. అడుక్కునేటప్పుడు దండిగా అడుక్కోవాల."

అదే రాశాను. తన పనులు తాను చేసుకోలేరు, ఎవరో ఒకరు లేనిదే రోజు గడవదు. మరచెయ్యి వచ్చింది. అది చూసి వరసలోని మరో పది ఇళ్ళవాళ్ళు పత్రాలు పట్టుకొచ్చారు. అసిరయ్యకు రాసినట్టే రాయమన్నారు. ఒక్కొక్కరికీ వేరే మాట ఎక్కడనుంచి తేను? పదకొండు పత్రాలలోనూ అవే రెండు వాక్యాలు రాశాను. తాత పత్రం కూడా. ఇల్లు ఊడ్చుకుని, అన్నం వండుకుని, నీళ్ళ తొట్టి మెట్లు తనే దిగి వచ్చే మనిషికి అలా రాశాను. రాసినందుకు తాత నాకు ఒక తాడు పేని ఇచ్చాడు.

మరణ కారణం దగ్గర వలజ్వరం అని రాశాను. ఆ గడిలో అంతకన్నా జాగా లేదు.

మంచుకాలం, 18వ రోజు

డాక్టరమ్మను కలుద్దామని హాలుకు వెళ్ళాను. రోగికీ రోగికీ మధ్య ఆవిడ పరుగెత్తుతున్నారు. రెండుసార్లు నా పక్కనుంచే వెళ్ళారు. గుంజను ఆనుకుని చాలాసేపు నిలబడ్డాను. ఆ పత్రాలు సాయం కోసం రాసినవండీ అని చెప్పాలి. చెప్పాల్సింది అంతే. లోపల పదిసార్లు అనుకున్నాను. మూడోసారి ఆవిడ ఆగి, "ఏం కావాలమ్మా?" అని అడిగారు.

ఏమీ లేదండీ అని వచ్చేశాను.

మంచుకాలం, 20వ రోజు

ముప్ఫై ఒక్క కుండలు. వలలు దించడానికి మనుషులు చాలడం లేదు.

ఆయనకు దగ్గు మొదలైంది. క్లిప్పు తొంభై రెండు చూపించింది. పెట్టెలు ఆరూ నిండిపోయాయి. పలక మీద అసిరయ్య వంతు పదమూడు. ఆయన ముందున్న వాళ్ళలో ముగ్గురు నడిచి వచ్చి నడిచి వెళ్తున్నారు. వాళ్ళ అంకె తొంభై నాలుగు.

కారణం అడగలేదు. నాకు తెలుసు.

అత్తకు జరిగినదంతా చెప్పాను. ఆవిడ పొయ్యి ఆర్పి వచ్చి కూర్చుంది. తరువాత కొత్త పత్రం తెమ్మంది.

"నానే రాయించినాను. నానే సెరిపించుకుంటాను. అన్నీ వొచ్చునని రాయి."

"అబద్ధం కదత్తా."

"మొదట రాసింది నిజమేటి?"

రాశాను. తన అన్నం తాను తింటారు. తన బట్టలు తాను ఉతుక్కుంటారు. వలలు తానే దించి కడతారు. స్తంభం ఎక్కుతారు. ఇల్లు కదలని మనిషి గనుక మిగతా వరసల్లో ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. గుమాస్తా పత్రం తీసుకుని అద్దం మీద పెట్టాడు. పలక మీద ఆయన పేరు పదమూడు నుంచి మూడుకు పాకింది. నా కళ్ళతో చూశాను.

అత్తా నేనూ ఇంటికి వచ్చేసరికి ఇద్దరు మనుషులు మరచెయ్యి విప్పుతున్నారు. తన పనులు తాను చేసుకునే మనిషికి అది ఎందుకని పై నుంచి మాట వచ్చిందట.

ఆయనతో బాగుచేతకు తీసుకెళ్ళారని చెప్పాం. అప్పటినుంచి నేనూ అత్తా చెరో భుజం కింద చెయ్యి వేసి లేవదీస్తున్నాం. అత్తకు అరవై దాటాయి.

మంచుకాలం, 22వ రోజు

కొండికి జ్వరం. మొన్న ఏ ఇంటి ముందూ ఆగలేదని అప్పుడు గుర్తొచ్చింది. అంకె ఎనభై ఎనిమిది. వంతు పదిహేను.

ముత్యాలు పిన్ని కొత్త పత్రం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఎలా తెలిసిందో తెలిసింది.

"కొండికి కూడా రాయమ్మా. అన్నీ వొచ్చునని."

కలం పట్టుకుని కూర్చున్నాను. కొండి మెట్టలో ప్రతి ఇంటికీ తెలుసు. గుమాస్తాను కూడా ఏం కూర అని అడిగే ఉంటుంది. ఏం రాసినా నమ్మరు. ఆ సంగతి పిన్నితో ఎలా అనను?

"నీ మొగుడికి రాసినావు. నా కూతురి కాడికొచ్చీసరికి సిరా అయిపోనాదేటి?" అంది పిన్ని.

పత్రం నా ఒళ్ళోనే వదిలి వెళ్ళిపోయింది.

మంచం మీంచి ఆయన పిలిచారు. అంతా విన్నారు. రాసింది చదవమన్నారు. మా వరస కాగితాల పెట్టెలో నకలు ఉంది. చదివాను. మధ్యలో దగ్గు వచ్చి ఆగింది. స్తంభం ఎక్కుతారు అన్నచోట ఆయన నవ్వారు.

"స్తంబం ఎక్కతానా? ఎప్పుడే? సూసుంటే నానూ దండం ఎట్టీవోడిని. ఈ మనిషి ఎవులో గాని నా కన్నా మంచి మొగుడు."

నాకు ఏడుపు వచ్చింది. ఆయన ఆగి, ఊపిరి కూడదీసుకుని, ఒక్కో మాటా చెప్పారు. అన్నట్టే రాస్తున్నాను.

"నాకు సేతకాదు. అది నిజిం. సేతకాదని రాసినందుకు నీది తప్పు కాదు. సాయిం కావాలంటే అదే రాయాల. అది సదివి ఊపిరి ఆపీసినోడిది తప్పు." కాసేపటికి మళ్ళీ అన్నారు. "కొండికి ఏటి రాస్తావు?"

"రాయడానికి ఏటీ నేదు మావా."

"అయితే కొండి ఊపిరి పీల్సకూడదా?"

"నీ వొంతు మూడు. రేపో ఎల్లుండో పెట్టె వొస్తాది. ఇప్పుడు నాను పోయి అది అబద్ధమని సెప్తే..."

"పదమూడుకి పోతాను. తెలుసు." కళ్ళు మూసుకున్నారు. "వొద్దంటే సెప్పకు. నీ ఇష్టం. నా నోరు ఆళ్ళకి తెల్దు. నీ నోరే ఉంది."

మంచుకాలం, 23వ రోజు

రోజూ పొద్దున హాలు ముందు వంతులు చదువుతారు. రెండు బారల దూరంలో సున్నంతో గిరులు గీశారు. ఒక్కో గిరిలో ఒక్కో ఇంటి మనిషి నిలబడాలి. ఏడు వరసల పెద్ద పారినాయుడుగారు అరుగు మీద నిలబడి చదువుతారు. డాక్టరమ్మ పక్కన ఉంటారు.

పదకొండు పత్రాల నకళ్ళూ, పన్నెండోదీ పట్టుకుని వెళ్ళాను. నోటితో చెప్పలేను. కాగితం చూసి చదవడమైతే చెయ్యగలను, బడిలో చదివేదాన్ని. అలాగే అనుకుని గిరి దాటి ముందుకు నడిచాను.

"ఏటమ్మా? ఏ ఇంటిదానివి?" అన్నారు పారినాయుడుగారు.

మొదటి పత్రం తీసి చదవడం మొదలుపెట్టాను. బంగారయ్య, ఏడో వరస, కళ్ళు కనిపించవు. తన పనులు తాను చేసుకోలేరు. ఎవరో ఒకరు లేనిదే రోజు గడవదు. రెండోది తీశాను. కొండి, ఏడో వరస. తన పనులు తాను చేసుకోలేరు. మూడోది. నాలుగోది. ఆరో పత్రం దగ్గరకు వచ్చేసరికి జనం కదలడం మానేశారు. అదే మాట, అదే మాట. గొంతు ఎక్కడ ఆగుతుందో అని చూసుకుంటూ చదివాను. పదకొండూ అయ్యాయి.

"ఈ మాట ఆళ్ళది కాదండి. నాది," అన్నాను. "మా అత్త సెప్పింది, నాను రాసినాను. దిష్టి తగలకూడదని, సాయిం ఎక్కువ రావాలని అందరికీ అదే రాసినాను. మరచెయ్యి కోసం రాసినాను. బంగారయ్య తాతకి పెట్టె ఇవ్వొద్దని రాయనేదు."

పన్నెండో పత్రం చూపించాను.

"ఇది మా ఆయనకి మొన్న రాసింది. ఇది అబద్ధం. ఆయన స్తంబం ఎక్కరు. తమరు దీన్ని తీసీండి."

వెనకనుంచి మా అత్త గొంతు వినిపించింది. "ఓలమ్మ, నా కొడుకుని సంపీసినాది." వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోయేదాన్ని.

పారినాయుడుగారు అరుగు దిగి వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. మొదటి రోజునుంచీ నిద్ర లేక కళ్ళు వాచి ఉన్నాయి.

"సూడమ్మా. ఆరు పెట్టెలు, పదారుమంది మనుషులు. ఏదో ఒక కొలత ఉండాల కదా. రేపు లేచి వల లాగీవోడికి ముందిస్తే అందరికీ నీళ్ళుంటాయి. ఇందులో ఎవులి మీదా పగ నేదు."

దీనికి కాగితం మీద ఏమీ రాసుకుని రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు.

"పోయినేడు తమరికి నడుం పట్టీసి మూడు నెల్లు వల ముట్టనేదు," అన్నాను. "ఈ జరం అప్పుడొచ్చుంటే తమరి వొంతు ఎంతండి?"

"నా నడుం సంగతి నీకెవులు సెప్పినారు?"

"తమరి వల మా వరసోళ్ళే లాగినారండి. మా వరస పుస్తకంలో ఉంది."

ఎవరో నవ్వారు. పారినాయుడుగారు నవ్వలేదు.

"ఊపిరి అందరికీ ఒక్కలాగే ఆగుతాదండి," అన్నాను. "కాళ్ళున్నోళ్ళకి ఒకలాగ, నేనోళ్ళకి ఒకలాగ ఆగదు. కొండికి ఏటీ రాదు. ఏటీ రాకపోయినా ఆ పిల్లకి ఊపిరి కావాల. జబ్బుని బట్టి వొంతు పెట్టండి. మనిషిని బట్టి వొద్దు."

పత్రాలు అరుగు మీద పెట్టాను.

డాక్టరమ్మ మాట్లాడారు. "ఈ కొలత నేను చెయ్యాల్సింది. రోగిని చూసి, మందు పడుతోందో లేదో చూసి చెప్పాల్సింది. చెయ్యి దాటిపోతోందని పలకకు వదిలేశాను. దాని దగ్గర ఊపిరి అంకెలతో పాటు ఆసరా పత్రాలు ఉన్నాయి. వాటినీ తీసుకుంది. తీసుకుంటోందని నాకు తెలుసు." ఆవిడ అరుగు మీద కూర్చున్నారు. "బంగారయ్యగారి వంతు చూసినప్పుడే ఆపాల్సింది."

జబ్బును బట్టే వంతు పెట్టాలని వరసల పెద్దలు అక్కడికక్కడే చేతులెత్తారు. ఏడుగురిలో నలుగురు. పారినాయుడుగారు ఎత్తలేదు. అయినా పత్రాలు పలకనుంచి తీసెయ్యమని గుమాస్తాకు ఆయనే చెప్పారు.

మధ్యాహ్నానికి కొత్త వంతులు వచ్చాయి. కొండిది రెండు. అసిరయ్యది అయిదు.

మరచెయ్యి సాయంత్రం తిరిగి వచ్చింది.

మంచుకాలం, 25వ రోజు

ఇరవై ఆరు కుండలు. అత్త నాతో మాట్లాడడం లేదు. అన్నం గిన్నె నా ముందు పెడుతుంది, మాట మాత్రం లేదు. మొన్నటిదాకా ఆయన వంతు మూడు. ఇప్పుడు అయిదు. ఆ రెండంకెల మధ్య ఆవిడ కొడుకు ఉన్నాడు. ఆవిడను తప్పు పట్టలేను.

కొండిని పెట్టెలో పెట్టారు. హాలు లోపలికి రోగి తప్ప ఎవరూ వెళ్ళకూడదన్నారు. తల్లి కనబడక కొండి గొట్టం పీకేసుకుందట. చేతులు కట్టబోతే కరిచిందట. చివరికి పిన్నిని లోపలికి రానిచ్చారు. అప్పటినుంచి నెమ్మదిగా ఉందని చెప్పారు.

మంచుకాలం, 27వ రోజు

ఆయన అంకె ఎనభై రెండు. వంతు ఒకటి. పెట్టె ఖాళీ లేదు.

పొద్దున వలల దగ్గరకు వెళ్తుంటే మంచు దక్షిణంనుంచి ఎక్కింది. ఏ వల ఎంత బిగించాలో చెప్పేవాళ్ళు లేరు. అన్నిటినీ ఒకేలా కట్టి వచ్చాను. ఆయన అడిగితే ఏం చెప్పాలో అనుకున్నాను. అడగలేదు. మాటకు ఊపిరి చాలడం లేదు.

అత్త ఆయన పాదాలకు నూనె రాస్తూ కూర్చుంది. నేను లోపలికి వెళ్ళగానే నాలుగు రోజుల తరువాత మొదటిసారి మాట్లాడింది.

"నువ్వు సెప్పకపోయుంటే ఈపాటికి పెట్టెలో ఉండును."

"అవునత్తా."

"కొండి ఉండదు."

"ఉండదు."

నూనె గిన్నె నా చేతికిచ్చింది. "ఆ కాలికి నువ్వు రాయి," అంది.

మంచుకాలం, 28వ రోజు

తెల్లవారుజామున పెట్టె ఖాళీ అయింది. ఎలా ఖాళీ అయిందో నాకు తెలుసు. అందులో పోయినావిడ పేరు సూరీడమ్మ, రెండో వరస. ఇద్దరు పిల్లల తల్లి. ఆవిడ పేరు మా వరస పుస్తకంలో రాయకూడదు. రాస్తున్నాను.

నలుగురు డోలీ తెచ్చారు. అత్త గుమ్మం దాకా వచ్చి ఆగింది. తను చెప్పాల్సిందేదో నాతో చెప్పింది. అది రాయను.

హాలు గుమ్మంలో డాక్టరమ్మ పత్రం పట్టుకుని నిలబడ్డారు. పెట్టెలో పెట్టే ముందు ప్రతి ఒక్కరికీ అది నింపాలి. రెండు రోజులుగా నిద్ర లేదని ఆవిడ మొహం చెబుతోంది. పేరు అడిగారు, వరస అడిగారు, జ్వరం ఎన్నో రోజని అడిగారు. తరువాత అచ్చులో ఉన్నది ఉన్నట్టే చదివారు.

"తన పనులు తాను చేసుకోగలరా?"

"ఆ మాట అడక్కూడదు కదండీ," అన్నాను.

ఆవిడ కాగితం వైపు చూశారు. ఆ ప్రశ్న మీద కలంతో అడ్డంగా గీత గీశారు. కింద ఉన్న మరో రెండిటి మీద కూడా గీశారు.

"మరి ఏమడగాలి?"

"ఏటి కావాలో అడగండి. నన్ను కాదు. ఆయన్ని."

ఆవిడ డోలీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. "అసిరయ్యగారూ, మీకు ఏం కావాలి?" అని అడిగారు.

ఆయన చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. ఒక్కో మాటా ఒక్కో గుక్క. డాక్టరమ్మకు ఏమీ తెలియలేదు. తల ఎత్తి నన్ను చూశారు.

"మూడు సెప్పినారండి. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాలంట. ఎల్లకిలా పడుకుంటే ఉమ్ము గొంతుకి అడ్డం పడతాది. సేతులు కట్టొద్దంట. ఆటంతట అవే వొణుకుతాయి, పీకీడానికి కాదు."

ఆవిడ రెండూ రాసుకున్నారు. ఆగారు.

"మూడోది?"

వెనక డోలీ మోసిన నలుగురూ, కిటికీలో గుమాస్తా, లోపల ముత్యాలు పిన్ని, అందరూ వింటున్నారు. తల వంచుకున్నాను. ఆయన కళ్ళు నా మీదే ఉన్నాయి.

"నాను ఆయన కాడే ఉండాలంట," అన్నాను.

డాక్టరమ్మ అది కూడా రాశారు. ముక్కుగుడ్డ ఒకటి తీసి నా చేతికిచ్చారు. డోలీ వెనకే లోపలికి వెళ్ళాను.